బయోగ్యాస్ ట్రాక్టర్లు: ఇంధనం నింపే కేంద్రాల ఆవశ్యకత

దమ్ము చేసే రోజులలో ట్రాక్టరులో డీజిల్ అయిపోతే రైతు బండిని కదిలించనవసరం లేదు. బంకు నుండి క్యానులో తెచ్చుకున్న డీజిల్‌ను పొలం గట్టు వద్దనే పోసుకుంటాడు. కంప్రెస్డ్ బయోగ్యాస్‌కు ఈ వెసులుబాటు లేదు. సుమారు 200 బార్ల పీడనంతో సిలిండరులోకి ఎక్కించవలసిన వాయువును క్యానులో మోయడం సాధ్యం కాదు. అందువలన సేద్యంలో ఈ ఇంధన వినియోగం ఎంత వాయువు తయారైనదనే దానికంటే, అది ఎక్కడ నింపుకోవడానికి లభిస్తుందనే దానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఉత్పత్తికి ప్రోత్సాహం

కేంద్ర పెట్రోలియం, సహజవాయు మంత్రిత్వ శాఖ 2018 అక్టోబరులో 'సతత్' కార్యక్రమాన్ని ప్రారంభించి 5,000 ప్లాంట్లను, ఏటా 150 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా ప్రకటించింది. వాహనాల సి.ఎన్.జి.లోను, ఇళ్లకు పైపుల ద్వారా అందే వాయువులోను 2025-26లో 1 శాతం, 2028-29 నుండి 5 శాతం ఈ వాయువు ఉండాలని నిర్దేశించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లి వద్ద ఒక ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది.

పేడ, వరిగడ్డి, నేపియర్ గడ్డి వంటి వాటి నుండి వెలువడే ముడి బయోగ్యాస్‌లో మీథేన్ సాధారణంగా 55 నుండి 60 శాతం ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, తేమలను తొలగించి మీథేన్‌ను కనీసం 90 శాతానికి పెంచినప్పుడు అది సి.ఎన్.జి.కి సాటి అవుతుంది. అవే వాహనాలు, అవే నింపే యంత్రాలు దీనికి సరిపోతాయి.

దూరం లెక్క

గంటకు 5 లీటర్ల డీజిల్ వాడే ట్రాక్టరు రోజుకు 8 గంటలు పనిచేస్తే 40 లీటర్లు ఖర్చవుతుంది. అంతే శక్తికి సుమారు 30 కిలోల వాయువు కావాలి. ట్రాక్టరుపై 10 కిలోల వాయువు పట్టే సిలిండర్లు ఉన్నట్లయితే రోజుకు మూడుసార్లు నింపవలసి వస్తుంది. బంకు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఒక్కసారి వెళ్లి రావడానికే గంటన్నరకు పైగా పడుతుంది. మూడు ప్రయాణాలకు దాదాపు ఐదు గంటలు దారిలోనే గడిచిపోతాయి. ఇంధనం ధర ఎంత తగ్గినా ఈ నష్టం పూడదు.

నింపే ఏర్పాట్లు

పైపులైను లేని ప్రాంతాలకు వాయువును సిలిండర్ల సముదాయమైన కాస్కేడ్‌లో, సుమారు 250 బార్ల పీడనంతో, వాహనంపై చేరవేస్తారు. వాహనాలకు నింపేకొద్దీ కాస్కేడ్‌లో పీడనం పడిపోతుంది. తరువాత వచ్చే బండి సిలిండరు పూర్తిగా నిండదు. ఈ లోపాన్ని బూస్టర్ కంప్రెసర్ సరిచేస్తుంది. కనుక గ్రామాల కూడలిలో ఏర్పాటు చేసే కేంద్రానికి కాస్కేడ్‌తో పాటు బూస్టర్, దానికి నిలకడైన విద్యుత్ సరఫరా అవసరం.

ప్లాంటు ఆవరణలోనే నింపే కేంద్రం ఉంటే మరొక లాభం ఉంది. గడ్డిని చేరవేసిన ట్రాక్టరు తిరుగు ప్రయాణంలో వాయువును నింపుకొని, పులిసిన సేంద్రియ ఎరువును తీసుకొని వెళ్లగలదు. కొంత డీజిల్‌తో, కొంత వాయువుతో నడిచే ద్వంద్వ ఇంధన ఇంజన్లు కేంద్రాలు విస్తరించే వరకు రైతుకు భరోసాగా ఉంటాయి.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

ప్లాంటు ప్రతి రోజూ వాయువును ఉత్పత్తి చేస్తుంది. ట్రాక్టర్ల అవసరం మాత్రం దుక్కి, దమ్ము, కోతల కాలాలలో ఒక్కసారిగా పెరిగి తరువాత పడిపోతుంది. అందువలన ఏడాది పొడవునా నడిచే ఆటోలు, బస్సులు, లారీల గిరాకీ కూడా తోడైతేనే కేంద్రం నిలదొక్కుకుంటుంది. స్థలాన్ని నిర్ణయించే ముందు మండలంలోని ట్రాక్టర్ల సంఖ్య, నెలవారీ పని గంటలు, పొలాల నుండి దూరం, రవాణా వాహనాల రాకపోకలు, గడ్డి లభ్యతలను నమోదు చేయాలి. యంత్రాలను అద్దెకిచ్చే కస్టమ్ హైరింగ్ కేంద్రాలలో ట్రాక్టర్లు ఒకేచోట ఉంటాయి కనుక తొలి ప్రదర్శనలకు అవి అనువైనవి. అధిక పీడనంతో నింపే సిలిండర్లకు మూడేళ్లకోసారి తప్పనిసరిగా పరీక్ష చేయించాలన్న విషయాన్ని రైతులకు మొదటే తెలియజేయాలి.

పొలానికి అందుబాటు దూరంలో నింపే కేంద్రం ఉన్నప్పుడే రైతు పండించిన గడ్డి అతని ట్రాక్టరుకే ఇంధనం కాగలదు. లేనిచో ఆ వాయువు పట్టణాలకు తరలిపోతుంది, రైతు డీజిల్ క్యానుతోనే మిగిలిపోతాడు.