సుడిదోమ మందు తిన్న సూక్ష్మజీవి

గోదావరి డెల్టాలో వరికి సుడిదోమ పట్టిందంటే గట్టు మీంచి చూస్తే తెలియదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, గుంపులుగా ఉంటుంది. చేను సుడులు సుడులుగా ఎండిపోయాక గానీ కంటపడదు. మందు కొడతారు, పోదు. మళ్లీ కొడతారు. ఇక తిట్లు తినేది మందుల కొట్టువాడే: "నకిలీ సరుకు అంటగట్టాడు!" ఆ అనుమానం నిజమైన సందర్భాలూ లేకపోలేదు. కానీ ఫిలిప్పీన్స్‌లో ఒకసారి దొరికిన దొంగ వేరు.

లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మడుల్లో సుడిదోమకు డయాజినాన్ అనే మందు పదే పదే వాడారు. రానురాను దాని పస తగ్గింది. ఎన్. సేతునాథన్, ఎం.డి. పాఠక్ 1972లో కారణం బయటపెట్టారు. ఆ మందు ఎరుగని మడిలో నిలకడగా ఉండే డయాజినాన్, అలవాటుపడ్డ మడిలో చూస్తుండగానే విరిగిపోతోంది. మరుసటి ఏడు సేతునాథన్, యోషిదా ఆ పని చేస్తున్న బాక్టీరియాను పట్టుకున్నారు. పేరు ఫ్లేవోబాక్టీరియం. అది పారాథియాన్ అనే మరో పురుగుమందునూ వదల్లేదు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ 1940లలో తయారు చేసేదాకా పారాథియాన్ అనే పదార్థమే భూమ్మీద లేదు. మరి దాన్ని కత్తిరించే ఎంజైమ్ మట్టిలో ఎక్కణ్నుంచి వచ్చింది? ఇంకేదో పనికి పుట్టిన పాత ఎంజైమే కొద్దిగా మారి ఇందులోకి దిగిందని శాస్త్రజ్ఞుల అంచనా. దాని నడుమ రెండు జింక్ అయాన్లు ఉంటాయి. అవి ఒక నీటి అణువును పదునెక్కించి మందులోని భాస్వరపు బంధం మీదికి ఉసిగొల్పుతాయి. నచ్చిన పదార్థం దొరికితే ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు 2,000కు పైగా అణువులను తెంపుతుంది. పారాథియాన్ తెగగానే ద్రావణం పసుపుపచ్చగా మారుతుంది. ప్రయోగశాలలో పని జరిగిందనడానికి ఆ రంగే సాక్షి.

ఈ కథలో మన అనంతపురానికీ వాటా ఉంది. అక్కడి సేద్యపు నేలల్లోంచి మిథైల్ పారాథియాన్‌ను విరగ్గొట్టే బాక్టీరియాను వేరుచేసి, ఆ గుణం ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో ఉందని దయానంద సిద్ధవటం, సహచరులు 1995లో చూపారు. అప్పటికే శాస్త్రజ్ఞుల ముందు ఒక చిక్కుముడి ఉంది. వేర్వేరు దేశాల, వేర్వేరు జాతుల బాక్టీరియాల్లో ఈ ఎంజైమ్‌ను తయారు చేసే జన్యువు ఒకటే, ప్లాస్మిడ్లు మాత్రం వేరు. ఆ జన్యువుకు అటూ ఇటూ గెంతే డీఎన్ఏ ముక్కల ఆనవాళ్లున్నాయని 2003లో సిద్ధవటం బృందం తేల్చింది. పక్క ఇంటి నుంచి పచ్చడి జాడీ వచ్చినట్టు, బాక్టీరియాలు దాన్ని చేతులు మార్చుకున్నాయన్నమాట.

ఆస్ట్రేలియాలో ఈ కుటుంబపు ఎంజైమ్‌నే పొడిగా చేసి, పత్తి చేల నుంచి పారే నీటిలో కలిపి చూశారు. పది నిమిషాల్లో మిథైల్ పారాథియాన్ తొంభై శాతం తగ్గింది. సరే, మట్టి అంత సులువైన చోటు కాదు. ప్రయోగశాలలో పెంచిన బాక్టీరియాను పొలంలో వదిలితే స్థానిక సూక్ష్మజీవుల మధ్య తిండికి పోటీపడాలి. పైగా పారాథియాన్ తెగినప్పుడు వచ్చే ఆ పసుపుపచ్చ పదార్థం, పారానైట్రోఫినాల్, అదీ విషమే. లాస్ బాన్యోస్ బాక్టీరియా దాన్ని ముట్టుకోదు, తినడానికి మరో బాక్టీరియా రావాలి.

డయాజినాన్, మిథైల్ పారాథియాన్ రెంటినీ 2018లో మన దేశం నిషేధించింది. వాటి తోబుట్టువు క్లోరిపైరిఫాస్‌ను మాత్రం ఈ ఎంజైమ్ చాలా నెమ్మదిగా నములుతుంది. ఆ వేగాన్ని వందల రెట్లు పెంచేలా మార్చిన ఎంజైమ్‌ను 2004లో ప్రయోగశాలలో తయారు చేశారు. పొలంలోని బాక్టీరియాకు ఆ సాయం అందదు, తన మార్పేదో తానే వెతుక్కోవాలి.