మెమరీ మ్యాప్ చేసిన ఫైలును డిస్కులో భద్రపరచడం: ఎమ్‌సింక్

ఎమ్మిగనూరు రైతు ఒకరు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్మారనుకుందాం. తూకం, ధర నమోదు చేసే ప్రోగ్రాము ఫైలును ఎమ్‌మ్యాప్‌తో, మ్యాప్_షేర్డ్ పద్ధతిలో మెమరీకి మ్యాప్ చేసుకుంది. ధర రాయగానే మారేది ర్యామ్‌లోని పేజీ మాత్రమే. దీనిని డర్టీ పేజీ అంటారు. కెర్నెల్ దానిని కొంతసేపటి తరువాత డిస్కుకు రాస్తుంది.

ఈలోగా ప్రోగ్రాము ఆగిపోయినా పేజీ కెర్నెల్ వద్ద ఉంటుంది. కానీ కరెంటు పోయి యంత్రం ఆగితే ఆ ధర పోతుంది; రైతు చేతిలో రసీదు ఉన్నా లెక్కలో నమోదు ఉండదు. అందువల్ల రసీదు ఇవ్వడానికి ముందే ఎమ్‌సింక్‌ను ఎమ్ఎస్_సింక్ ఫ్లాగుతో కాల్ చేయాలి. రాత పూర్తయ్యే వరకు అది వేచి ఉంటుంది. ఎమ్ఎస్_ఎసింక్ వేచి ఉండదు కాబట్టి ఇక్కడ సరిపోదు.

ఎమ్‌సింక్‌కు ఇచ్చే చిరునామా పేజీ పరిమాణానికి గుణిజంగా ఉండాలి. పేజీ 4096 బైట్లు, నమోదు మ్యాపింగ్ మొదటి నుంచి 5000 బైట్ల దూరంలో ఉంటే, 4096 దూరంలోని చిరునామా ఇచ్చి, పొడవుకు 904 కలపాలి. ఫలితం 0 వస్తేనే రసీదు ముద్రించాలి. -1 వస్తే లోపాన్ని తెలపాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నమోదు 9000 బైట్ల దూరంలో ఉంటే ఏ దూరంలోని చిరునామా ఇవ్వాలి?