రైఫిల్ ధర రెట్టింపైతే గురి రెట్టింపవుతుందా?

‘‘శనివారం షూటింగ్‌కి వెళ్తున్నానమ్మా’’ అని మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు మా అమ్మ వెంటనే ‘‘ఏ సినిమారా?’’ అని అడిగింది. సినిమా కాదు, తుపాకీ కాల్చే చోటికి అని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. చివరికి ‘‘పిల్లలున్న ఇల్లు నాయనా, జాగ్రత్త’’ అని ఫోన్ పెట్టేసింది.

నాకిది అమెరికా వచ్చాక పుట్టిన సరదా కాదు. గుంటూరులో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో ఉన్నాను. క్యాంపులో .22 రైఫిల్‌తో ఐదంటే ఐదు తూటాలు కాల్చనిచ్చేవారు. ఖాళీ కేసులు ఐదూ లెక్కపెట్టి అప్పగిస్తేగానీ అక్కణ్నుంచి కదలనిచ్చేవారు కాదు. ఆ ఐదు తూటాల కోసం ఏడాదంతా ఎండలో పరేడ్ చేసేవాళ్లం. ఇప్పుడు నేనుండే డల్లాస్ శివార్లలో దుకాణానికి వెళితే గోడ పొడవునా రైఫిళ్లే.

గ్రీన్ కార్డు వచ్చాక సొంతంగా ఒకటి కొనాలనిపించింది. 3,500 డాలర్ల దాకా పెట్టొచ్చు అనుకున్నాను. మన లెక్కలో దాదాపు మూడు లక్షల రూపాయలు. ఆ డబ్బుకు పెద్ద పేరున్న సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో ఏదో ఒకటి వస్తుంది. కొనేముందు ఆరు నెలలపాటు మిత్రులవీ, రేంజ్‌లో అద్దెకు దొరికేవీ కలిపి నాలుగు రకాలు కాల్చి చూశాను. చివరికి ఆ నాలుగింటిలో ఏదీ కొనలేదు. ఎందుకో చెబుతాను.

ఒకే తల్లి పిల్లలు

సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే పేలుతుంది. తర్వాతి తూటాను తుపాకీయే ఛాంబర్‌లోకి ఎక్కించుకుంటుంది. ట్రిగ్గర్ పట్టి ఉంచితే వరసగా పేలే మెషీన్ గన్ వేరు. 1986 తర్వాత తయారైన మెషీన్ గన్‌లను ఇక్కడి సాధారణ పౌరులకు అమ్మడానికి వీల్లేదు.

ఈ రకంలో ఎక్కువగా కనిపించేది ఏఆర్-15. ఏఆర్ అంటే ‘ఆర్మలైట్ రైఫిల్’. 1950లలో ఆర్మలైట్ కంపెనీలో యూజీన్ స్టోనర్ చేసిన డిజైన్ ఇది. 1959లో కోల్ట్ కంపెనీ హక్కులు కొంది. పేటెంట్ల గడువు తీరాక పదుల కంపెనీలు దీన్నే తయారుచేస్తున్నాయి. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఓపెన్ స్టాండర్డ్ లాంటిది. ఒక కంపెనీ విడిభాగం చాలావరకు ఇంకో కంపెనీ రైఫిల్‌కు సరిపోతుంది.

ఖరీదైన రైఫిళ్ల మధ్య పెద్ద తేడా గ్యాస్ వాడుకునే పద్ధతిలో ఉంటుంది. తూటా పేలినప్పుడు పుట్టే వేడి గ్యాస్‌లో కొంత బారెల్‌లోని చిన్న రంధ్రం గుండా బయటికొస్తుంది. స్టోనర్ పద్ధతిలో అది సన్నటి గొట్టం ద్వారా నేరుగా వెనక్కి వచ్చి బోల్టును నెడుతుంది. కదిలే భాగాలు తక్కువ, బరువు తక్కువ. కానీ గ్యాస్‌తోపాటు మసి కూడా లోపలికి చేరుతుంది. పిస్టన్ పద్ధతిలో గ్యాస్ ముందుభాగంలోనే ఒక కడ్డీని నెడితే, ఆ కడ్డీ బోల్టును నెడుతుంది. లోపల శుభ్రంగా ఉంటుంది, చల్లగా ఉంటుంది. కానీ ముందువైపు బరువు పెరుగుతుంది.

నాలుగు రైఫిళ్లు, నాలుగు స్వభావాలు

మొదటిది డేనియల్ డిఫెన్స్ వారి డీడీఎం4 వీ7. ధర సుమారు 2,000 డాలర్లు. స్టోనర్ పద్ధతిదే. 16 అంగుళాల బారెల్. దాన్ని చల్లటి ఉక్కును సుత్తి దెబ్బలతో సాగదీసి తయారుచేస్తారు, అందుకే ఎక్కువకాలం మన్నుతుంది. ఖాళీగా ఆరు పౌండ్ల పైచిలుకు బరువు. భుజానికి తగిలే దెబ్బ మెత్తగా ఉంటుంది. కొత్తవాళ్లు భయపడకుండా కాల్చగలిగేది ఇదే అనిపించింది.

రెండోది ఫ్లోరిడాకు చెందిన నైట్స్ ఆర్మమెంట్ వారి ఎస్‌ఆర్-15. స్టోనర్ జీవిత చరమాంకంలో పనిచేసింది ఈ కంపెనీతోనే. ఏఆర్-15లో బలహీనమైన చోటు బోల్టు పళ్లు. ఎస్‌ఆర్-15లో వాటి మూలలు గుండ్రంగా చేసి, పగుళ్లు రాకుండా జాగ్రత్తపడ్డారు. మీటలన్నీ రెండు వైపులా ఉంటాయి కాబట్టి మా బృందంలోని ఎడమచేతివాటం మిత్రుడికి ఇది ప్రాణం. చిక్కల్లా ఒక్కటే, ఈ బోల్టు మామూలు ఏఆర్ బారెల్‌కు సరిపోదు. విడిభాగం కావాలంటే వాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఓపెన్ స్టాండర్డ్ వదిలి ఒకే వెండర్‌కు కట్టుబడితే ఏమవుతుందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు.

మూడోది జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోక్ వారి ఎంఆర్556. ఫ్రెంచ్ సైన్యం వాడే హెచ్‌కే416కు పౌరుల వెర్షన్ ఇది. పిస్టన్ పద్ధతి. ధర 3,000 డాలర్లు దాటుతుంది. రెండు వందల తూటాలు కాల్చాక విప్పి చూస్తే లోపల మసి చాలా తక్కువ. కానీ బరువు ఎనిమిదిన్నర పౌండ్ల దాకా ఉంది. నిలబడి అరగంట కాల్చేసరికి నా ఎడమచేయి వణకడం మొదలైంది. నీళ్లలో, ఇసుకలో నడిచే సైనికుడికి ఆ బరువుకు తగ్గ ప్రతిఫలం ఉంటుంది. రేంజ్‌లో పైకప్పు కింద నిలబడి కాల్చే నాకు అది దేనికి?

నాలుగోది బెల్జియం మూలాలున్న ఎఫ్‌ఎన్ కంపెనీ స్కార్ 17ఎస్. మన సైనికుల చేతిలో ఒకప్పుడు కనిపించిన ఎస్‌ఎల్‌ఆర్ గుర్తుందా? అది ఎఫ్‌ఎన్ వారి ఫాల్ రైఫిల్ ఆధారంగా ఇషాపూర్‌లో తయారైంది. ఆ వంశంలో కొత్త తరం అనుకోవచ్చు. తక్కిన మూడూ 5.56 తూటావైతే, ఇది పెద్దదైన 7.62 తూటా కాలుస్తుంది. అంత పెద్ద తూటా కాల్చినా బరువు ఎనిమిది పౌండ్లే. దూరం కొట్టాలన్నా, టెక్సాస్ పొలాలను పాడుచేసే అడవి పందులను వేటాడాలన్నా ఇది తగిన ఆయుధం. ధర 3,500 డాలర్లకు అటూఇటూ. మ్యాగజైన్లు కూడా దానివే కొనాలి, అవీ ఖరీదే. లోపలి భాగాల కుదుపుకు నాసిరకం స్కోపులు పాడవుతాయన్న పేరూ ఉంది.

కాగితం చెప్పిన నిజం

రేంజ్‌లో గురిని కొలిచే లెక్క ఎంఓఏ. వంద గజాల దూరంలో ఒక ఎంఓఏ అంటే దాదాపు ఒక అంగుళం. బల్లమీద ఆనించి కాల్చిన ఐదు తూటాలు ఒక అంగుళం వృత్తంలో పడితే అది ఒక ఎంఓఏ. మంచి తూటాలు, మంచి చేయి ఉంటే ఈ నాలుగు రైఫిళ్లూ ఆ దరిదాపులకు వస్తాయి.

నా చేతిలో? నాలుగింటితోనూ మామూలు తూటాలతో కాల్చాను. నాలుగు కాగితాల మీదా నాలుగు అంగుళాల చుట్టూనే పడ్డాయి. ఆ రోజు పక్క బల్లమీద రిటైరైన ఓ పెద్దాయన రూగర్ ఏఆర్-556తో కాలుస్తున్నారు. దాని ధర 800 డాలర్ల లోపే. ‘‘ఒకసారి దీంతో కాల్చు’’ అని ఇచ్చారు. దాంతోనూ నాలుగు అంగుళాలే. తర్వాత అదే రైఫిల్‌తో ఆయన కాల్చారు. ఐదు రంధ్రాలూ రెండు అంగుళాల్లోపు పడ్డాయి. ఆయన ఒక్క మాటే అన్నారు. నేను ట్రిగ్గర్‌ను నొక్కడం లేదట, గుంజుతున్నానట.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ప్రాక్టీసుకు వాడే 5.56 తూటా ఒకటి సుమారు అర డాలరు, 7.62 అయితే డాలరు. రైఫిల్‌కు 800, కంటికి సరిపడే సైట్‌కు 400, గన్ సేఫ్‌కు 600, రెండు రోజుల శిక్షణకు 500 పెట్టినా నా 3,500లో ఇంకా 1,200 మిగులుతుంది. అంటే 2,400 తూటాలు. నెలకు రెండుసార్లు, వెళ్లినప్పుడల్లా వంద చొప్పున ఏడాదికి సరిపోతాయి. నేను అదే చేశాను. ఏడాది తర్వాత నా వృత్తం రెండున్నర అంగుళాలకు వచ్చింది.

అలాగని ఖరీదైనవి దండగ అనను. పోటీలకు వెళ్లేవారికి, ఏడాదికి వేల తూటాలు కాల్చేవారికి, ఎడమచేతివాటం వారికి, వేటగాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. నెలకు ఒకటి రెండుసార్లు వెళ్లే నాలాంటివారికి తెలియదు.

ముందు వీసా చూసుకోండి

ధర కన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మా ఆఫీసులో వరంగల్ కుర్రాడొకడు ఓ శనివారం నాతో రేంజ్‌కి వచ్చాడు. ‘‘అన్నా, నేనూ ఓ రౌండ్ కాల్చనా? కొనట్లేదు కదా, అద్దెదే కదా’’ అన్నాడు. అతనిది హెచ్-1బీ. వద్దన్నాను. అతని ముఖం చిన్నబోయింది. బయటికి తీసుకెళ్లి విషయం చెప్పాను.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలతో ప్రవేశించినవారు తుపాకీగానీ, తూటాలుగానీ కలిగి ఉండకూడదు. ప్రధానమైన మినహాయింపు ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. చట్టం చూసేది తుపాకీ ఎవరి సొంతం అన్నది కాదు, ఎవరి చేతిలో ఉంది అన్నది. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా, స్నేహితుడిది పది నిమిషాలు పట్టుకున్నా అది వర్తించవచ్చు. గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. శిక్ష మాట అటుంచి, ఆయుధాల నేరం రుజువైతే దేశం నుంచి పంపేయవచ్చు కూడా. మన పదేళ్ల గ్రీన్ కార్డు క్యూ అంతా ఒక్క శనివారంతో గంగపాలు.

ఇది కేవలం పుస్తకాల్లో ఉండే మాట కాదు. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు అలాంటిదే. స్టూడెంట్ వీసాపై వచ్చిన యువకుడిని చదువు సరిగా సాగక యూనివర్సిటీ తొలగించింది. స్టేటస్ పోయాక అతను ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. దానిపైనే కేసు. తన స్టేటస్ పోయిందన్న సంగతి అతనికి తెలుసునని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు చెప్పింది. ఆ మాట చెప్పించుకోవడానికి అతను ఎన్ని కోర్టుల మెట్లెక్కాడో చూడండి. స్టేటస్ లేనివారిని హంటింగ్ లైసెన్స్ కూడా కాపాడదు.

ఇంకో పొరపాటు, గ్రీన్ కార్డున్న స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే నేరం. కొనకూడని వ్యక్తి కోసం కొనిపెట్టడాన్ని 2022లో ప్రత్యేక నేరంగా చేశారు. మీ పరిస్థితి కాస్త అటూఇటూగా ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి, దుకాణంలో కౌంటర్ దగ్గరి కుర్రాణ్ని కాదు.

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవారూ రాష్ట్రం చూసుకోవాలి. టెక్సాస్‌లో కొన్న ఏఆర్‌ను ఉద్యోగం మారి కాలిఫోర్నియాకో, న్యూజెర్సీకో, న్యూయార్క్‌కో యథాతథంగా తీసుకెళ్లలేరు. ఇల్లినాయి, వాషింగ్టన్ రాష్ట్రాలు కూడా 2023లో ఇలాంటి రైఫిళ్ల అమ్మకాలను నిషేధించాయి.

ఇంట్లో అడుగుపెట్టే ముందు

మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. రైఫిల్ ఇంటికొచ్చే ముందు సేఫ్ రావాలి. అలాగే వచ్చింది, గోడకు బోల్టులతో బిగించాం. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు పెడతారు. శుభ్రం చేస్తుండగా పేలి ప్రాణం పోయిందన్న వార్తలు మన పత్రికల్లోనే చదివాం. మ్యాగజైన్ తీశాక ఛాంబర్‌లో ఇంకో తూటా మిగిలి ఉండొచ్చు. కంటితో చూసి, వేలితో తడిమి గానీ నేను గుడ్డ ముట్టుకోను.

రైఫిల్ శబ్దం 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది. చెవిలో ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోవాలి. తూటాల్లో సీసం ఉంటుంది కాబట్టి రేంజ్ నుంచి రాగానే చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలి.

వరంగల్ కుర్రాడు ఇప్పటికీ కొన్ని శనివారాలు వస్తాడు. అద్దాల వెనక కూర్చుని నా కాగితాలు కొలుస్తాడు. ఈసారి రెండు అంగుళాల్లోకి రాకపోతే బిర్యానీ ఖర్చు నాదేనని పందెం. అమ్మ కూడా ఏ సినిమా అని అడగడం మానేసింది. ఫోన్ చేయగానే, ‘‘బీరువా తాళం వేశావా?’’ అంటుంది.