తాళం తయారీ చెప్పొచ్చు.. తాళంచెవి మాత్రం ఇవ్వకూడదు!

క్యాట్‌లోని సీ, ఏ, టీలను డీ, బీ, యూగా రాస్తే.. డాగ్‌ను ఎలా రాస్తారు? బ్యాంకు పరీక్షలకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో సిద్ధమవుతుంటే ఇలాంటి కోడింగ్-డీకోడింగ్ ప్రశ్నలు ఈపాటికి చాలానే చేసుంటారు. ఈ, పీ, హెచ్ అని టిక్ పెట్టి ముందుకెళ్లిపోతారు. ఒక్క నిమిషం ఆగండి. రెండు వేల ఏళ్ల కిందట సైన్యాలు రహస్యాలు దాచుకున్నది ఈ పద్ధతితోనే.

రోమన్ సేనాని జూలియస్ సీజర్ తన లేఖల్లో ఒక్కో అక్షరాన్ని మూడు స్థానాలు జరిపి రాసేవాడట. జరపడం పద్ధతి, 'మూడు' అనేది కీ. ఇలా అక్షరాలను మారిస్తే సైఫర్. మొత్తం మాటకే మరో మాట పెట్టుకుంటే, అంటే 'దాడి'కి బదులు 'పెళ్లి' అనాలని ముందే అనుకుంటే, అది కోడ్. వాడుకలో రెండూ ఒకటే అయిపోయాయి గానీ, ఇంటర్వ్యూలో అడిగితే తేడా చెప్పగలగాలి.

సీజర్ పద్ధతి తెలిసిపోతే కథ ముగిసినట్లే. ఇంగ్లిష్ అక్షరాలు 26, ప్రయత్నించాల్సిన కీలు 25. సరే, వరసగా జరపకుండా అక్షరాలన్నీ కలగాపులగం చేస్తే? కీల సంఖ్య 4 పక్కన 26 సున్నాలు దాటుతుంది. ఇక విప్పడం ఎవరి తరం అనిపిస్తుంది కదా! 9వ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ కిందీ కీలు వెతకకుండానే దారి చూపించాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు మిగతావాటికంటే ఎక్కువసార్లు వస్తాయి. ఇంగ్లిష్‌లో 'ఈ' అలాంటిది. రహస్యలేఖ తగినంత పొడవుంటే, అందులో పదేపదే కనిపించే గుర్తు బహుశా ఆ అక్షరమే. వేషం మార్చినా నడక మారలేదన్నమాట.

మన ఇళ్లలోనూ ఇలాంటి రహస్యాలున్నాయి. ఏటీఎం పిన్‌ను ఫోన్లో ఎవరిదో నంబరులా సేవ్ చేసుకునేవాళ్లు ఎందరో! మా ఇంట్లోనూ లోకంలో లేని సుబ్బారావు ఒకాయన ఏళ్లపాటు కాంటాక్ట్స్‌లో ఉన్నారు. కిటుకు తెలిసినవాళ్ల చేతికి ఫోన్ చిక్కితే సుబ్బారావు గారు ఏం కాపాడతారు? భాషావేత్త అగస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే చెప్పారు, పద్ధతి శత్రువుకు తెలిసినా ఇబ్బంది రాకూడదని. రహస్యంగా ఉండాల్సింది కీ ఒక్కటే. 'సొంత ఎన్‌క్రిప్షన్ రాశా, ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలీదు' అని ప్రాజెక్టులో గొప్పగా పెట్టే విద్యార్థులు పొరబడేది ఇక్కడే. అమెరికా 2001లో ప్రమాణంగా ప్రకటించిన ఏఈఎస్‌లో దాచిందేమీ లేదు, మీరూ చదువుకోవచ్చు. బహిరంగ పోటీ పెట్టి, లోపాలు వెతకమని నిపుణులకు వదిలాకే దాన్ని ఎంచుకున్నారు.

మరి ఎప్పుడూ కలవని ఇద్దరు కీ ఎలా పంచుకోవాలి? 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏలో కీలు రెండు. తాళం వేసేది ఊరందరికీ ఇచ్చేయొచ్చు, తీసేది మీ దగ్గరే. 61ని 53తో గుణించమంటే అరనిమిషం పని. అదే 3233 చేతికిచ్చి, ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పమంటే? వందల అంకెలున్న సంఖ్య అయితే కంప్యూటర్లూ చేతులెత్తేస్తాయి. శక్తిమంతమైన క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఈ ధీమా ఉండదు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో మూడు కొత్త ప్రమాణాలు విడుదల చేసింది. పాత వ్యవస్థలను వాటిలోకి మార్చే పని చాలా ఉంది. ఉద్యోగాల కోసం చూసేవాళ్లు గమనించాల్సింది దీన్నే.

ఆసక్తి ఉంటే ముందు నంబర్ థియరీ, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా పట్టండి. పైథాన్ తర్వాతైనా వస్తుంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీలో ఎంటెక్ ఉంది. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని సీఆర్ రావు సంస్థ గురించి తెలుసుకోండి. 'క్రిప్టో' అని పేరున్న కోర్సులో డబ్బు కట్టేముందు మాత్రం సిలబస్ చూడండి. క్రిప్టోకరెన్సీ ట్రేడింగ్ వేరు, క్రిప్టోగ్రఫీ వేరు.

చివరగా మీకో మాట: 'ఘతిథం'. గుడిని, సున్నాను కదపలేదు. హల్లులను వర్ణమాలలో ముందుకు జరిపాను. ఎన్ని స్థానాలన్నది మీరే తేల్చండి.