మాటకు పూచీ యెవరు?

హైదరాబాదునుండి నర్సాపురము మీదుగా మెదకునకు పోవు త్రోవలో గుమ్మడిదల యున్నది. సేద్యముతో బ్రదికిన ఈ పల్లె చుట్టును నేడు మందుల కర్మాగారములు వెలసినవి. కుమారుని చదివించిన ఇచటి తండ్రి అడుగు ప్రశ్న యొకటి కలదు: మన నేలపై వచ్చిన పనిలో మనవానికి చోటు కలదా? తెలంగాణ ఉద్యమమునకు మూలమైన ప్రశ్నలలో ఇది ముఖ్యమైనది. దానిని చక్కగా గ్రహించుటకు మొదట ఐరోపాలోని ఒక చిన్న జాతి కథను చెప్పెదము.

స్పెయిను, ఫ్రాన్సు దేశముల సరిహద్దున, పిరనీసు పర్వతముల పడమటి కొనయందు బాస్కులు నివసింతురు. వారి భాషకు మరి యే భాషతోను చుట్టరికము తేలలేదు. పన్నులు, సైనికసేవ మున్నగు విషయములందు వారికి పూర్వమునుండి స్థానికమైన హక్కులుండెను. 1876లో స్పెయిను ప్రభుత్వము వానిని రద్దుచేసెను. తరువాత పందొమ్మిదేండ్లకు, 1895లో, సబీనో అరానా బాస్కు జాతీయపక్షమును స్థాపించెను. పోయిన హక్కు జాతీయతకు బీజమయ్యెను.

మన హైదరాబాదు రాజ్యమునందు ముల్కీ నిబంధనలుండెను. ముల్కి యనగా ఈ దేశమువాడు. సర్కారు కొలువు కోరువాడు స్థానికుడై యుండవలెను. లేదా ఇచట పదునైదేండ్లు కాపురముండి యుండవలెను. 1955లో ఫజల్ అలీ సంఘము తెలంగాణను తత్కాలమునకు వేరు రాష్ట్రముగా నుంచుట మేలని తలచెను. 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల పిమ్మట శాసనసభలో మూడింట రెండు వంతులు కోరినచో ఆంధ్రతో కలుపవచ్చుననెను. కాని 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందము కుదిరెను. నవంబరు 1న ఆంధ్రప్రదేశ మేర్పడెను. తెలంగాణ మిగులు ఆదాయమును అచ్చటనే వ్యయపరుపవలెననియు, కొలువులలో స్థానికులకు రక్షణ యుండవలెననియు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెననియు అందుండెను. మొదటి మంత్రివర్గమునందే ఉపముఖ్యమంత్రి లేడు. పెద్దమనుషులు మాట యిచ్చిరి. మాట తప్పినచో పూచీ యెవరిది?

ఈ ప్రశ్నయే 1969లో విద్యార్థులను, ఉద్యోగులను వీధులకు తెచ్చెను. కాల్పులలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానములలో పదింటిని గెలుచుకొనెను. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుననగా, కోస్తా, రాయలసీమలందు జై ఆంధ్ర ఉద్యమము లేచెను. తమ రాజధానిలోనే తాము పరాయివారమైతిమని వారు బాధపడిరి. ఆ బాధయు కల్ల కాదు. 1973లో ఆరు సూత్రముల పథకము వచ్చెను, ముల్కీ నిబంధనలు పోయెను. స్థానికేతరులను వారి ప్రాంతములకు పంపుటకై 1985లో 610 సంఖ్యగల ఉత్తరువు వెలువడెను. దాని అమలుకై దశాబ్దములు వాదులాట సాగెను.

ఇక పోలికయు, భేదమును చూతము. రెండు చోట్లను పోయిన రక్షణయే కోరికకు మూలము. కాని బాస్కులలో కొందరు కోరినది వేరు దేశము. తెలంగాణ కోరినది భారతదేశములోనే వేరు రాష్ట్రము. స్పెయిను రాజ్యాంగము దేశము విడిపోవుటకు ఒప్పదు. మన రాజ్యాంగము మూడవ అధికరణము క్రొత్త రాష్ట్రములకు దారి చూపును. 1959లో పుట్టిన ఏతా అను బాస్కుల సాయుధ సంస్థ చేతిలో ఎనిమిదివందలకు పైగా జనులు హతులైరి. అది 2011లో ఆయుధపోరాటమును మాని, 2018లో రద్దయ్యెను. స్వాతంత్ర్యము రాలేదు. బాస్కులకు ఫలించినది 1979 నాటి స్వపరిపాలన చట్టము: తమ శాసనసభ, తమ పోలీసులు, తమ పన్నుల వసూలు. అది నోటిమాట కాదు, చట్టము.

తెలంగాణయు చట్టము ద్వారమునే చేరెను. 2009 డిసెంబరు 9 ప్రకటన తరువాత ఏండ్ల తరబడి నిరీక్షణ, యువకుల ఆత్మాహుతులు గడచినవి. పార్లమెంటు చట్టముచే 2014 జూన్ 2న రాష్ట్రమేర్పడెను. ఇప్పుడు గుమ్మడిదల తండ్రి ప్రశ్నకు సమాధానమును వేరొక ప్రాంతముపై త్రోయుటకు వీలులేదు. పూచీ మన ఇంటికే వచ్చినది.