క్వై వంతెన మీద రైలు: సినిమాలో నిజమెంత?

సినిమాలో రైలు నదిలో పడగానే "అదంతా బొమ్మ రైలు" అని మన పిల్లలు తేల్చివేస్తారు. 1957లో వచ్చిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై' చిత్రానికి ఆ మాట చెల్లదు. దర్శకుడు డేవిడ్ లీన్ సిలోనులోని కిటుల్‌గల వద్ద నిజమైన కొయ్య వంతెన కట్టించి, నిజమైన ఆవిరి ఇంజనును దాని మీదికి నడిపించి, పేల్పించాడు. ఇంజను దిగిపోగా వెనుక పెట్టెలు దాని వెంట పడటం మనం చూచేది ఉన్నదున్నట్లే.

డ్రైవరు బ్రేకు వేయలేడా? ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద తేలికగా దొర్లుతుంది కనుకనే ఒక్క ఇంజను అంత బరువు లాగగలుగుతున్నది. ఆపవలసి వచ్చినప్పుడు ఆ నునుపే శత్రువు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు, బ్రేకులు బాగా పట్టినా, ఆగడానికి సుమారు 50 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు, అంటే 200 మీటర్లు. పట్టాల మీద కట్టివేసిన హీరోయినుకు మూరెడు దూరంలో రైలు ఆగే దృశ్యాలకు చప్పట్లు కొట్టవచ్చును గాని, నమ్మనక్కరలేదు.

కొయ్య వంతెనకు కాళ్ళు అనేకం. ఒకటి విరిగితే పక్కవి బరువు మోస్తాయి. అందుచేత ఈ చిత్రంలో మందుగుండును నీటిలో పలు కాళ్ళ మొదళ్ళకు కట్టడం తెలివైన పనే.

తప్పంతా చరిత్రలో ఉంది. సయాంలోని తామర్కాన్ వద్ద అసలు వంతెనలు రెండు, ఒకటి కొయ్యది, ఒకటి ఉక్కుది. వాటిని రహస్య దళాలు పేల్చలేదు. 1945లో మిత్రరాజ్యాల విమానాలు బాంబులు వేశాయి. 1942-43లో వేసిన ఆ 415 కిలోమీటర్ల దారికి మలయా రబ్బరు తోటల నుంచి తమిళులతో పాటు మన తెలుగువారిని కూడా తరలించారు. ఖైదీలైన సైనికులు 12,000 మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు. వారిని చంపింది పేలుడు కాదు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు. చిత్రకథ సైనికులది. తోటల నుంచి పోయినవారు అందులో కనబడరు.

ఆ ఉక్కు వంతెన మీద రైళ్ళు నేటికీ నడుస్తున్నాయి. చూడబోయేవారు గమనించండి: విల్లులా వంగిన కమ్ములున్న భాగాలు జావా నుంచి తెచ్చిన పాతవి. మధ్యలో కోణాలుగా ఉన్న రెండూ బాంబులకు పోయినవాటి స్థానంలో యుద్ధం తరువాత అమర్చినవి.