నాలుగో నెలలో మూత్రం ఆగిపోతే అది వేడి కాదు

మూడు నెలలు నిండాయి. వేవిళ్ళు తగ్గుముఖం పట్టాయి. ఇక ఫర్వాలేదనుకుంటున్న సమయంలో ఒకరోజు పొద్దున్నే కోడలు, “అత్తయ్యా, ఎంతసేపు కూర్చున్నా ఒంటికి రావడం లేదు” అంటుంది. “వేడి చేసిందమ్మా, బార్లీ నీళ్ళు కాచి ఇస్తానుండు” అంటారు అత్తగారు. మధ్యాహ్నం కొబ్బరినీళ్ళు, సాయంత్రం సబ్జా గింజలు. రాత్రయ్యేసరికి ఆ అమ్మాయి కూర్చోలేదు, పడుకోలేదు.

అత్తగారి ఆప్యాయతలో లోపం లేదు. కానీ బయటికి దారి మూసుకుపోయినప్పుడు లోపలికి ఇంకా నీళ్ళు పోస్తే బాధ పెరుగుతుందే గాని తగ్గదు. గర్భిణీ స్త్రీకి మూడు, నాలుగు నెలల మధ్య మూత్రం ఆగిపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి గర్భసంచి కటి ఎముకల మధ్య చిక్కుకుపోవడం. ఇది అరుదైనదే. సుమారు మూడు వేల గర్భాలలో ఒకరికి వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. అరుదు కాబట్టే ఎవరికీ వెంటనే తట్టదు.

చాలామంది స్త్రీలలో గర్భసంచి ముందుకు, అంటే పొత్తికడుపు వైపు వంగి ఉంటుంది. నూటికి పదిహేను మందిలో వెనక్కి, వెన్నెముక వైపు తిరిగి ఉంటుంది. స్కానింగు కాగితంలో ఈ మాట చూసి, పిల్లలు పుట్టరేమోనని కొందరు కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ భయం అక్కరలేదు. అది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చే ఒక తీరు మాత్రమే. నెలలు పెరిగేకొద్దీ, పన్నెండు నుంచి పద్నాలుగు వారాల మధ్య, అలాంటి గర్భసంచి కూడా దానంతటదే పైకి లేచి కడుపులోకి వచ్చేస్తుంది.

ఎప్పుడో ఒకరికి అలా లేవదు. పాదు మీది గుమ్మడి పిందె పక్కనున్న కుండలోకి దిగి లోపలే పెరిగిందనుకోండి. పిందెగా ఉన్నప్పుడు సులువుగా వచ్చేది, కాయయ్యాక కుండ మూతిలోంచి రాదు. ఇదీ అంతే. నడుము కింద వెన్నెముక ముందుకు పొడుచుకు వచ్చిన చోట గర్భసంచి పైభాగం ఇరుక్కుపోతుంది. దాని ముఖద్వారం ముందుకు, పైకి జరిగి మూత్రనాళాన్ని అదిమేస్తుంది. అందుకే ముందుగా కనిపించేది మూత్రం ఇబ్బందే. తరువాత నడుంనొప్పి, పొత్తికడుపు బరువు, మలబద్ధకం, కింద ఏదో అడ్డుపడినట్టు ఉండటం.

ఇక్కడ మోసపుచ్చే సంగతి ఒకటుంది. మూత్రసంచి పూర్తిగా నిండిపోయాక, పొంగిన కుండలోంచి కారినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. “కొంచెం కొంచెం వస్తోంది కదా” అని ఇంట్లోవాళ్ళు ధైర్యపడతారు. లోపల మాత్రం లీటరుకు పైగా నిలిచి ఉండవచ్చు. మంట ఉందని మూత్రంలో చీము మందులు మాత్రమే వాడుతూ రోజులు గడిపినవారూ ఉంటారు. మంటతో మాటిమాటికి రావడం వేరు, రావలసింది రాకపోవడం వేరు. ఈ తేడాను వైద్యులకు స్పష్టంగా చెప్పండి.

ఆరేడు గంటలుగా మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకండి. పొత్తికడుపుకు నూనె రాసి నొక్కడం, రుద్దడం అసలే వద్దు. 108కి ఫోన్ చేసినా సరే, ఆ పూటే ఆసుపత్రికి చేరండి.

ఆసుపత్రిలో మొదట సన్నని గొట్టం వేసి మూత్రసంచిని ఖాళీ చేస్తారు. “గొట్టం వేస్తే బిడ్డకు దెబ్బ తగులుతుందేమో” అని అడిగేవారుంటారు. ఆ గొట్టం మూత్రసంచిలోకే వెళుతుంది, గర్భసంచిని తాకదు. తరువాత చేతితో పరీక్ష, స్కానింగు. నిండిన మూత్రసంచి తెరమీద పెద్ద నీటి గడ్డలా కనబడి పొరబాటు పడే అవకాశం ఉంది గనుక, ఖాళీ చేశాక మళ్ళీ చూడడం మంచిది.

కొందరికి మూత్రం పోయాక గర్భసంచి తానే పైకి లేస్తుంది. గొట్టం కొద్దిరోజులు ఉంచి, మోకాళ్ళు, ఛాతీ మంచానికి ఆనించి నడుము పైకెత్తి ఉండమని చెబుతారు. రోజుకు కొన్నిసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు. చూసేవారికి వింతగా ఉంటుంది, సిగ్గుపడకండి. అప్పటికీ లేవకపోతే వైద్యులు చేతితో మెల్లగా పైకి నెడతారు. నొప్పి ఎక్కువైతే మత్తు ఇచ్చి చేస్తారు. ఆపరేషన్ దాకా వెళ్ళేది బహు కొద్దిమందే.

ఇవన్నీ ఇరవై వారాల లోపు సులువు. ఆ తరువాత కదల్చడం కష్టం, గర్భం పోయే ప్రమాదమూ ఉంటుంది. చివరిదాకా అలాగే ఉండిపోతే సిజేరియన్ చేయవలసి వస్తుంది. అప్పుడు ముఖద్వారం, మూత్రసంచి ఉండవలసిన చోట ఉండవు. ముందే తెలియకుండా కోత పెడితే వాటికి గాయమవుతుంది. కాబట్టి అన్ని సదుపాయాలున్న పెద్ద ఆసుపత్రిలో, ఎం.ఆర్.ఐ. చేయించి, ముందుగా ఏర్పాటు చేసుకోవాలి.

గర్భసంచిలో గడ్డలున్నవారు, ఇదివరకు కడుపు ఆపరేషన్ అయి లోపల అతుకులు పడినవారు, పొత్తికడుపులో చీము పట్టి చికిత్స పొందినవారు కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ముందు కాన్పులో ఇలా జరిగినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఉంది. అలాంటివారు నెల తప్పగానే ఆ సంగతి చెప్పి, పాత చీటీలు వెంట తెచ్చుకోండి. పన్నెండో వారంలో ఒకసారి తప్పక చూపించుకోండి.